జువిజే అత్త తీయని తల

మా కొండ ఊరు బామ్‌కెంగ్‌లో మనిషి పోయిన రెండు మూడేళ్లకు తల ఇంటికి రావాలి. ఒళ్లు మట్టిలో ఉండిపోయినా ఫరవాలేదు, తల మాత్రం వానకు తడవకూడదు. దాన్ని తీసి, కడిగి, ఉప్పూ పామాయిల్ చూపించి, పేరు పెట్టి పిలిచి, తలల గదిలో కుండలో పెట్టుకుంటాం. ఆ మర్యాద జరగని ఇంట్లో కడుపులు నిలవవు, మంచాన పడ్డవాళ్లు లేవరు. చదువుకున్నవాళ్లు ఇదంతా విని నవ్వుతారు. ఆ నవ్వినవాళ్లే డువాలా పట్నం నుంచి కార్లు వేసుకుని వచ్చి, మా మేనత్త జువిజే గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు.

దాదాపు ముప్పై ఏళ్లు ఈ చుట్టుపక్కల తలలు తీసే పని ఆమెదే. భారీ మనిషి, నోట్లో ఎప్పుడూ చుట్ట, మాటకు ముందే కోపం. ఒక కోడి, ఒక బుడ్డి నూనె ఇస్తే చాలు, వచ్చేది. పని ముగించి వచ్చి, చేమదుంప ముద్ద పసుప్పచ్చ పులుసులో ముంచుకుని గిన్నెడు తినేది.

"చేతులు కడుక్కున్నావా అత్తా?" అని అడిగితే, "నువ్వు బజార్లో చేతులు మారిన డబ్బులు పట్టుకుని కోకి కడతావు. దాని ముందు వాళ్ల తలలే శుభ్రం పో," అనేది. నేను అలసంద పిండిని అరటాకుల్లో ఉడికించి కోకి అమ్ముకునేదాన్ని. ఆ మాట తర్వాత మూడు రోజులు నా కోకి నాకే తినబుద్ధి కాలేదు.

ఆమె పని మిట్టమధ్యాహ్నం, నీడ కాళ్ల కిందకు వచ్చినప్పుడు. సమాధులు కలిసిపోయినచోట, ఎవరిది ఏ తలో తెలియనప్పుడు, ఆమెకు ఒక పద్ధతి ఉండేది. తలను రెండు చేతుల్లోకి తీసుకుని పేరు మూడుసార్లు పిలిచేది. పేరు తప్పయితే ఏమీ ఉండదు. సరైన పేరయితే తల బరువెక్కుతుంది. నేను మొదట్లో నమ్మలేదు. ఒకసారి పక్క పేటలో అన్నదమ్ములిద్దరి తలలు తీసినప్పుడు, "నీకు వేళాకోళం ఎక్కువైంది, పట్టుకో," అని ఒకటి నా చేతుల్లో పెట్టింది. అన్న పేరు పిలిచింది. ఎండు సొరబుర్రలా తేలిగ్గా ఉంది. తమ్ముడి పేరు పిలిచింది. దాన్ని ఎవరో నీళ్లతో నింపినట్టు నా మణికట్లు కిందకు దిగిపోయాయి. నా అరుపుకి పక్కింటి మేకలు కూడా లేచాయి. ఆ తర్వాత నేను వేళాకోళం తగ్గించుకున్నాను.

ఊరందరి తలలూ ఇంటికి చేర్చిన మనిషి, సొంత తల్లి తలను మాత్రం తీయలేదు. మా నానమ్మ నూమ్సీ పోయింది డెబ్బై ఎనిమిదిలో. ఇంటి వెనక కాఫీ తోటలో పూడ్చిన చోటే ఆమె పదహారేళ్లు వానకు తడిసింది. అది అందరికీ తెలుసు. ఎవరూ అత్త మొహం మీద అనేవాళ్లు కాదు.

కారణం అరవయ్యో సంవత్సరంలో ఉంది. దేశానికి స్వాతంత్య్రం వచ్చిన ఏడాది అది. మా కొండల్లో మాత్రం ఇళ్లు తగలబడుతున్నాయి. అడవిలోకి వెళ్లి తుపాకీ పట్టినవాళ్ల కోసం సైనికులు ఊళ్లు ఖాళీ చేయించి, జనాన్నంతా రోడ్డు పక్క గుడిసెల్లోకి తోలారు. మా తాత దెఫో అప్పటికే అడవిలో ఉన్నాడు. ఒక సంత రోజున కూడలి దగ్గర చాప మీద తొమ్మిది తలలు వరసగా పెట్టారు. గుడిసెల్లోవాళ్లందరినీ ఒక్కొక్కరిగా వాటి ముందు నుంచి నడిపించారు. ప్రతి తల దగ్గరా ఒకటే ప్రశ్న. "వీణ్ని ఎరుగుదువా?" ఎరుగుదునన్నవాళ్లను లారీ ఎక్కించారు. ముగ్గురు ఎక్కాక ఇంకెవరూ ఎవర్నీ ఎరగలేదు.

అత్తకు అప్పుడు పద్నాలుగేళ్లు. మూడో తలను చూసింది. ముందు పళ్ల మధ్య సందు, చిరిగిన చెవి. నాన్నా అని అరవబోయింది. నానమ్మ ఆమె నోరు గట్టిగా మూసేసి, సైనికుడి కళ్లలోకి చూస్తూ, "ఎరగను," అంది. అలాగే నడిచి వెళ్లిపోయింది. ఆ తలలను తర్వాత రోడ్డు వారన ఒకే గోతిలో కప్పేశారు.

"అతను మీ నాన్న కాదే," అని నానమ్మ జీవితమంతా చెప్పింది. "ఆయన అడవిలోనే ఎక్కడో పోయుంటాడు. ఒక రాయి తెచ్చి కుండలో పెడదాం." తల దొరకనివాళ్లకు మా దగ్గర రాయి పెట్టుకోవచ్చు. చూసి కాదన్న తలకు మాత్రం రాయి చెల్లదు. అందుకే అత్త ఒప్పుకోలేదు. "కళ్లారా చూసి కాదన్నావు. ఇప్పుడు రాయితో సరిపెడతావా?" అనేది. నానమ్మ చివరి రోజున కూడా అదే గొడవ. "పోయేముందైనా నిజం చెప్పు," అంది అత్త. నానమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. మా నాన్న వాంబో రెండుసార్లు బతిమాలాడు, అమ్మ తల తీద్దామని. "కట్టుకున్నవాణ్ని ఎరగనన్న తలను నా చేత్తో ముట్టను," అని అత్త తేల్చేసింది. ఇంటి వారసుడు నాన్నే అయినా, ఆ విషయంలో మాట చెల్లింది అత్తదే.

తొంభై నాలుగులో, ఎండాకాలం నడిమధ్యలో, నాన్న మంచాన పడ్డాడు.

అంతకుముందు నెల నుంచీ మధ్యాహ్నం పూట గుమ్మం దగ్గరకు వెళ్లి ఆగిపోయేవాడు. ఎవరో వస్తున్నారు అనేవాడు. తలమీదుగా దుప్పటి కప్పుకుని గేటు అవతల నిలబడి, "నన్నెరుగుదువా?" అని అడుగుతారట. ఎరుగుదునని చెప్పాలనే ఉంటుందట నాన్నకు. నోరు తెరిస్తే మాత్రం "ఎరగను" అనే వస్తుందట. అలా అన్న ప్రతిరోజూ ఆయన ఒంట్లో కొంత తగ్గిపోయేది. మేం కళ్లతో చూస్తూనే ఉన్నాం. బెల్టుకు కొత్త చిల్లులు పొడిచి పొడిచి చివరకు బెల్టే మానేశాం.

నేను దాన్ని జ్వరం అనుకున్నాను, ఒకరోజు గేటు దగ్గర నేల చూసేదాకా. రెండు నెలలుగా చుక్క వాన లేదు. దుమ్ము మోకాళ్లదాకా లేస్తోంది. గేటు అవతల మాత్రం రెండు పాదాలంత మేర ఎర్రమట్టి తడిసి ముద్దయి ఉంది. అక్కడ నుంచి వెళ్లిన అడుగులు లేవు, వచ్చిన అడుగులు లేవు. చెంబు పట్టుకుని నీళ్లకు బయల్దేరినదాన్ని, ఆ గేటు దాటలేక వెనక్కి వచ్చేశాను.

అత్త సాలీడు జోస్యం చెప్పే ముసలాయన దగ్గరకు వెళ్లింది. ఆయన నేల సాలీడు కన్నం మీద గుర్తులు పెట్టిన ఆకులు పేర్చి, కుండ బోర్లించి, మర్నాడు సాలీడు చెదరగొట్టిన ఆకులు చదివాడు.

"మీ ఇంటి తల ఒకటి వానకు తడుస్తోంది తల్లీ. కప్పు అడుగుతోంది. వానలు మొదలయ్యేలోపు ఇంటికి తేకపోతే, నీ తమ్ముడే దాని దగ్గరకు పోతాడు."

"మా నాన్నే," అంది అత్త. ముసలాయన ఆకులు కుండలోకి ఎత్తుకున్నాడు. అడిగినదానికి మించి చెప్పే అలవాటు ఆయనకు లేదు.

ఆ కూడలి దగ్గర రోడ్డు వెడల్పు చేస్తున్నారు. పసుపు రంగు యంత్రాలు అప్పటికే వంతెన దాకా వచ్చాయి, ఇంకో మూడు రోజుల్లో గోతి మీదకు వస్తాయి. అనుమతి లేకుండా తవ్వితే జైలు. అత్త నన్ను వెంటబెట్టుకుని మా తాలూకా అధికారి సబ్ ప్రిఫెక్ట్ ఆఫీసుకు వెళ్లింది. అక్కడి గుమాస్తా ఎసొంబా దక్షిణాది నుంచి బదిలీ మీద వచ్చినవాడు. మా కొండల చలికి ఎప్పుడూ రెండు స్వెట్టర్లు వేసుకుని కూర్చునేవాడు.

"తలలా? ఏ తలలమ్మా?" అని రిజిస్టరు తిప్పాడు. "ఆ స్థలం రికార్డులో మొక్కల నర్సరీ. నీలగిరి మొక్కలు. చూడండి, అరవయ్యొకటిలో సంతకం కూడా ఉంది."

"నర్సరీలో ఒక్క మొక్కయినా మొలిచిందా నాయనా, ముప్పై మూడేళ్లలో?"

"మొలిచిందో లేదో నాకెందుకు? రికార్డు అయితే ఉంది."

"అయితే మొక్కలు తవ్వుకోడానికే కాయితం ఇవ్వు."

ఎసొంబా పెన్ను పక్కన పెట్టి లేచాడు. తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు. "ఎన్ని మొక్కలు?" అన్నాడు నెమ్మదిగా.

"తొమ్మిది."

అలా ప్రభుత్వ ముద్రతో, తొమ్మిది నీలగిరి మొక్కలు పెళ్లగించుకోడానికి మా అత్తకు అనుమతి వచ్చింది. మా ప్రభుత్వం గురించి నాకు మంచిమాటలు ఎక్కువ రావు. ఆ ఒక్క గుమాస్తా చల్లగా ఉండాలని మాత్రం ఇప్పటికీ అనుకుంటాను.

మర్నాడు సంత. మధ్యాహ్నం తవ్వాం. మోకాలి లోతులోనే దొరికాయి. తొమ్మిదింటినీ అరటాకుల మీద వరసగా పెట్టాం. అత్త వంగి ఒక్కొక్కదాని పళ్లు చూసింది. నిలబడి, చుట్ట తీసి పారేసింది.

"ముందు పళ్లు ఒక్కదానికీ లేవే," అంది. "అన్నీ ఊడగొట్టారు."

ఇక మిగిలింది పిలవడమే. మొదటి తలను చేతుల్లోకి తీసుకుని, "దెఫో, దెఫో, దెఫో," అని పిలిచింది. తల బరువెక్కింది. ఆమె మొహం వెలిగింది. నాకూ ఊపిరి వచ్చింది. అనుమానం తీరాలని రెండోది కూడా తీసి పిలిచింది. అదీ బరువెక్కింది. మూడోది, నాలుగోది. తొమ్మిదింటికి తొమ్మిదీ మా తాత పేరుకు పలికాయి. చివరిదాన్ని దించి ఆమె భుజాలు పిసుక్కుంది.

"ఇలా ఎప్పుడైనా అయ్యిందా అత్తా?"

"లేదే." ఆమె గొంతు మొదటిసారి చిన్నగా వినిపించింది. "ఇన్నేళ్లుగా వీళ్లను పిలిచిన దిక్కు లేదు. ఎవరి పేరు పిలిచినా తమనే అనుకుంటున్నారు."

తొమ్మిదీ ఇంటికి తెచ్చేసుకుంటే పోదా అన్నాను. నెత్తిన ఒకటి ఇచ్చింది. పరాయి ఇంటి తలను తెచ్చిపెట్టుకుంటే ఆ ఇంటివాళ్లకు ఇక ఎప్పటికీ దొరకదు, మనింట్లో అది నిలవదు. తీసుకోవాల్సింది ఒకటే. అది తప్పయితే నాన్న దక్కడు.

సంత జనం రోడ్డు మీద పోతూనే ఉన్నారు. అరటి గెలలు, మేకలు, రాఫియా చెట్టు కల్లు డబ్బాలు. ఒక్కరూ మా వైపు చూడటం లేదు. ఆ కూడలి దగ్గర మెడలు తిప్పకుండా నడవడం మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా వచ్చు. ఒకడు మాత్రం నేల చూస్తూ, "మొక్కలు బాగున్నాయా పెద్దమ్మా?" అని నవ్వి పోబోయాడు.

అత్తకు కోపం వచ్చింది. ఆ కోపమే ఆ రోజు మాకు పనికొచ్చింది.

"ఒరే ఆగరా!" అని అరిచింది. రోడ్డంతా ఆగిపోయింది. "మీ ఇళ్లలో తలలన్నీ నా చేతుల మీదుగా వచ్చినవే. ఏ ఇంట్లో ఏ కుండ ఖాళీగా ఉందో నాకు తెలియదనుకుంటున్నారా? నీ ఇంట్లో మీ తాత పక్కన ఒక ఖాళీ కుండ ఉంది. మీ అమ్మ దానికి నూనె పోస్తుంది, ఎవరికో చెప్పదు. నువ్వు, బట్టల మూట ఆవిడా, నీ ఇంట్లోనూ ఉంది. నువ్వూ, లారీ డ్రైవరూ! అటు తిరక్కు! రేపెల్లుండి యంత్రం వస్తుంది. వచ్చి పిలవండి. మీరు మీవాళ్లను తీసుకుంటే గాని నా నాన్న ఎవరో నాకు తెలియదు. నా తమ్ముడు చచ్చిపోతున్నాడు!"

ఎవరూ కదల్లేదు. ఎండ నెత్తిన ఉంది. మేకలు కూడా అరవడం మానేశాయి. ఆ నిశ్శబ్దంలో నాకు లారీ శబ్దం వినిపించింది. డ్రైవరు నడిచే వచ్చాడు, రోడ్డు మీద లారీ లేదు. పక్కనున్న ముసలివాళ్లంతా ఒకేసారి మెడలు ముడుచుకున్నారు. వాళ్లకూ వినిపించిందని తెలిసింది.

ముందు బట్టల మూట ఆవిడే వచ్చింది. మూట దించి, మోకాళ్ల మీద కూర్చుని, "అన్నయ్యా కెంఫాక్," అని పిలిచింది. ఆకుల మీద ఆరో తల మెల్లగా ఆమె వైపు ఒరిగింది. ఎవరూ ముట్టలేదు, గాలి లేదు. ఆమె కండువాలో చుట్టుకుని ఒళ్లో పెట్టుకుంది. అత్త వెంటనే వంగి, దాని మీద చెయ్యి వేసి "దెఫో" అని పిలిచింది. ఇక అది మా తాత పేరుకు పలకలేదు. తనవాళ్లు దొరికాక ఇతరుల పేర్లతో పనేముంది.

తర్వాత లారీ డ్రైవరు వచ్చాడు. నవ్విపోబోయిన కుర్రవాడు పరిగెత్తుకెళ్లి తల్లిని పిలుచుకొచ్చాడు. ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. కొందరు పిలిచేటప్పుడు ఏడ్చారు. పిలిచిన ప్రతిసారీ ఒక తల ఒరిగేది. ఎనిమిది వెళ్లిపోయాయి. ఒకటి మిగిలింది.

అత్త దాని ముందు కూర్చుంది. చేతులు తుడుచుకుంది. "నాన్నా," అంది. "దెఫో. నేను జువిజేని." తల కదల్లేదు. ఎత్తి చూసింది. ఇందాక బరువెక్కిన ఆ తలే ఇప్పుడు తేలిగ్గా ఉంది. మళ్లీ పిలిచింది. ఐదోసారి పిలుస్తుంటే వెనక నుంచి, "దించమ్మా. అది నాది," అన్నారు ఎవరో.

మెగ్నే. కవలల తల్లి, కర్ర పట్టుకుని పక్క ఊరి నుంచి నడిచి వచ్చింది, కబురు తెలిసి. వంగి, "జోమో," అని ఒక్కసారి పిలిచింది. తల అత్త చేతుల్లో నుంచి జారినంత పని చేసి ఆమె వైపు తిరిగింది. ఆమె రోడ్డెక్కినప్పుడే అది పరాయి పేరుకు పలకడం మానేసిందన్నమాట.

"పళ్ల మధ్య సందు, చిరిగిన చెవి," అంది మెగ్నే. "చాప మీద మూడోవాడు మా ఆయన. నేను ఎరగనన్నాను. కవలలు కడుపులో ఉన్నారు మరి. నా వెనకే మీ అమ్మ, పక్కన నువ్వు. నువ్వు నాన్నా అని నోరు తెరిచావు. ఆవిడ మూసింది. నువ్వు అరిచుంటే నిన్నూ, నీ తమ్ముణ్నీ లారీ ఎక్కించేవాళ్లు, ఎవరో పరాయివాడి తలకి. తర్వాత నాతో అంది, నూమ్సీ. 'మా పిల్ల నన్ను అసహ్యించుకుంటోంది మెగ్నే, ఎంత చెప్పినా నమ్మదు' అని. నీకు వచ్చి చెప్పాల్సింది. నాకు ధైర్యం లేకపోయింది. క్షమించు."

అత్త ఖాళీ అరటాకులు మడిచి గోతిలో వేసింది. లేచి ఇంటికి నడిచింది. అంత భారీ మనిషిని నేను అందుకోలేకపోయాను.

నాన్న మంచం పక్కన కూర్చుని, "తమ్ముడూ, వచ్చేది మగా ఆడా?" అని అడిగింది.

"ముసుగులో ఉంటారక్కా. ఒళ్లంతా తడి. నువ్వేగా నాన్న అన్నావు."

"గొంతు?"

నాన్న దుప్పటి పక్కకు తోసి లేచి కూర్చోబోయాడు. కళ్లలో నీళ్లు వచ్చాయి. "అన్నానికి పిలిచే గొంతు," అన్నాడు.

ఆ సాయంత్రం ఎండ ఉండగానే కాఫీ తోటకు వెళ్లాం. అత్త చేత్తోనే తవ్వింది, నన్ను ముట్టనివ్వలేదు. చుట్టూ నేల ఎండి పగుళ్లిచ్చింది, ఆ ఒక్క చోట మట్టి మోచేతుల దాకా బురదగా వచ్చింది. నానమ్మ తలను తీసి, కడిగి, ఒళ్లో పెట్టుకుని పిలిచింది. అమ్మా అంది, నూమ్సీ అంది, తప్పు నాది అంది, ఆ మాట ఎన్నిసార్లు అందో నేను లెక్కపెట్టలేదు.

"బరువు లేదే," అంది చివరకు నా వైపు చూసి. "పట్టుకో. నువ్వు పిలువు."

నేను పిలిచాను. నా మణికట్లు దిగిపోయాయి. మంచం దగ్గరకు తీసుకెళ్తే నాన్న పిలిచాడు, ఆయన చేతులూ దిగిపోయాయి. మళ్లీ అత్తకు ఇచ్చాం. ఆమె చేతుల్లో మాత్రం తేలిగ్గా, అలా ఉండిపోయింది.

నాన్న వారంలో లేచాడు. వానలు వచ్చేసరికి పొలానికి వెళ్లాడు, ఇరవై ఏళ్లు బతికాడు. తాతకు కొండ మీద నుంచి రాయి తెచ్చి కుండలో పెట్టాం. అత్త ఆ తర్వాత ఎవరి తలా తీయలేదు. కోళ్లు పట్టుకుని వచ్చినవాళ్లను తిట్టి పంపేసేది. మంచం తలల గదిలోకి మార్చుకుని, రోజూ ఉప్పూ నూనె మార్చి, రోజూ పిలిచేది. ఎప్పుడైనా బరువెక్కిందా అని నేను అడిగేదాన్ని కాదు. మొహం చూస్తే తెలిసేది.

అత్త పోయి రెండేళ్లయింది. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, "నా తలను అమ్మ పక్కన ఊరికే పెట్టెయ్యకే. ముందు అడుగు. ఒప్పుకోకపోతే వసారాలో పెట్టు, వాన పడని చోటు చాలు," అంది. మొన్న అడిగాను. నానమ్మ తలను రెండు చేతుల్లో పట్టుకుని, పిలిచి, బరువెక్కాక, "నీ కూతుర్ని తేనా?" అన్నాను. అడిగిన మరుక్షణం తల తేలికైపోయింది. నాకు కోపం వచ్చింది. "నువ్వెంత మొండిదానివే నానమ్మా, అచ్చం దానిలాగే," అని అరిచి, తలుపు వేసుకుని బయటకు వచ్చాను. వానలకు ఇంకా నెల ఉంది. రేపు మళ్లీ అడుగుతాను.